కోనసీమ పచ్చ బొమ్మలో తోటకూర పప్పు అయిపోతోంది. అర్మేనియా చిత్రకారుడు సర్యాన్ నీడలు నీలంగా ఎందుకు వేశాడు?

బోర్డు ఆర్టిస్టు (అంబాజీపేట దగ్గర):

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

నేను ముప్పై ఏళ్లు బోర్డులు రాసి బతికినవాణ్ని. కొబ్బరికాయల కొట్లు, ఎరువుల షాపులు, లారీల వెనకాల కళ్లు, ఎలక్షన్లొస్తే గోడలు. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు గుళ్లో రంగు మాసినచోట దిద్దమంటే దిద్దుతాను. మిగతా టైములో కాలవ గట్టు మీద కూర్చుని ఊరి బొమ్మలు వేసుకుంటాను. అమ్మడానికి కాదు, కొనేవాళ్లూ లేరు.

మా అమ్మాయి అర్మేనియాలో డాక్టరు చదువుతోంది, యెరెవాన్ అనే ఊళ్లో. మన వైపు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. మొన్న వాట్సాప్‌లో వాళ్ల పాత 20,000 ద్రామ్‌ల నోటు ఫొటో పంపి, "నాన్నా, దీని మీదున్నాయన బొమ్మలేసే ఆయన" అంది. నేను ముందు ఇరవై వేలంటే మన డబ్బుల్లో ఎంతని అడిగాను. తండ్రి బుద్ధి కదా. తర్వాత ఆయన బొమ్మలు వెతుక్కున్నాను. పేరు మార్తిరోస్ సర్యాన్. 1880లో పుట్టి 1972లో పోయాడు. వారం నుంచి ఫోన్లో ఇవే చూస్తున్నాను, మా ఆవిడ విసుక్కుంటోంది.

ఒక బొమ్మ సంగతి చెప్తాను. 1910లో వేసింది. ఇస్తాంబుల్‌లో ఒక సందు, మిట్ట మధ్యాహ్నం. అటూ ఇటూ ఇళ్లు. ఎండ పడినచోట గోడ నారింజ రంగు, నీడ పడినచోట నీలం. ఆ రెంటికీ మధ్య సర్దుబాటు లేదు. మనమైతే లేత నుంచి ముదురుకి మెల్లగా దించుతాం, షేడింగు అంటాం. ఈయన దించలేదు. కత్తిపీట మీద కోసినట్టు ఇటు ఎండ, అటు నీడ. పైన సన్నటి పేలికలా ఆకాశం. మనుషులకి ముక్కూ మొహం లేవు. అయినా ఫోన్ చూస్తూ నేను కళ్లు చికిలించుకున్నాను. మా వరండాలో కూర్చుంటే వాళ్ల సందులో ఎండ నాకు కొట్టింది.

ఇంకోటి 1911లో ఈజిప్టు వెళ్లి వేసిన ఖర్జూరపు చెట్టు. అది చూసి నాకు సిగ్గేసింది. ఖర్జూరం మన ఈతచెట్టుకి అన్నదమ్ముడు, కొబ్బరికి దూరపు చుట్టం. దాని తల ఎలా వేశాడంటే, నీళ్ల గొట్టం పగిలి పైకి చిమ్మి నాలుగు వైపులా పడినట్టు. అంతే. నేను కొబ్బరిచెట్టు వేస్తే మట్ట మట్టకీ ఈనెలు గీస్తాను. రెండు గంటలు కష్టపడితే చివరికి చీపురుకట్ట తిరగేసి పెట్టినట్టు తయారవుతుంది.

ఇప్పుడు నా గొడవ. మన దగ్గర ఎటు తిరిగి కూర్చున్నా పచ్చే. ఆకుమడి చిలకపచ్చ, పక్కన పిలకలేసిన చేను ఇంకో పచ్చ, గట్టు మీద అరటి, వెనకాల కొబ్బరి తోట, మురుగు కాలవలో గుర్రపుడెక్క. కంటికి అన్నీ వేరువేరుగానే కనిపిస్తాయి. బొమ్మలోకి దిగేసరికి అన్నీ కలిసి తోటకూర పప్పు. నీడ చూపిద్దామని పచ్చలో కాస్త నలుపు కలిపానా, పాచి పట్టిన గోడ. బోర్డు మీద అక్షరానికి నల్లనీడ వేస్తే అక్షరం లేచి నిలబడేది. ఆ అలవాటు చేతిని వదలడం లేదు.

ఆయన నీడల్ని నీలంగా ఎందుకు వేశాడు? సరదాకా, లేక అక్కడ నిజంగానే అలా కనిపిస్తుందా? మన వైపు అలా వేస్తే నప్పుతుందా? చదువుకున్నవాళ్లు చెప్పండి. ఆయన జీవితం గురించి కూడా రాస్తే సంతోషం. ఇంగ్లీషులో చదివితే నాకు సగమే ఎక్కుతోంది.


వశిష్ఠ ఒడ్డు:

అన్నగారూ, బాగా రాశారు గానీ మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు ఉండగా అర్మేనియా దాకా వెళ్లాలా? 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, 28 ఏళ్లు నిండలేదు. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన బొమ్మల పనితనం చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపించాడు. రాజమండ్రిలో ఆయన పేరుతో గ్యాలరీయే ఉంది. ఒకసారి బస్సెక్కండి. నోటు మీద బొమ్మ లేదని మనవాళ్లు మనకి ఆనరా ఏంటి? దూరపు కొండలు నునుపు, అంతే.


బోర్డు ఆర్టిస్టు:

తమ్ముడూ, మాట పడతాను. గ్యాలరీకి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పెళ్లి కాకముందు, ఒక షాపు బోర్డు పని మీద రాజమండ్రి వెళ్లి, ఆ డబ్బులు చేతికొచ్చేదాకా ఖాళీగా ఉండలేక. ఆయన వేసిన మనుషుల ముందు చాలాసేపు నిలబడిపోయాను. అంత నాజూకు గీత నా జన్మలో రాదు. నాది మోటు చెయ్యి. రోడ్డుకి అవతల నిలబడ్డవాడికి, బస్సులో పోయేవాడికి కూడా కనపడాలి అన్న లెక్క మీద పెరిగిన చెయ్యి. సర్యాన్ బొమ్మలో నాకు ఆ లెక్క కనపడింది. పెద్ద పెద్ద రంగు ముక్కలు, గట్టి అంచులు. బోర్డు రాసేవాళ్ల పద్ధతే, కానీ అందులోంచి ఎండ వస్తోంది. అందుకే పట్టుకున్నాను. నోటు చూసి కాదు.


డ్రాయింగు మాస్టారు (రిటైర్డ్, కొత్తపేట):

బోర్డు ఆర్టిస్టు గారూ, మీ ఈతచెట్టు చుట్టరికం నాకు నచ్చింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. ఈ అర్మేనియా చిత్రకారుడు అర్మేనియాలో పుట్టలేదు. రష్యాలో దోన్ నది దగ్గర నోర్ నఖిచెవాన్ అనే ఊళ్లో పుట్టాడు. 1779లో క్రిమియా నుంచి తరలించిన అర్మేనియన్లు కట్టుకున్న ఊరది, ఇప్పుడు రొస్తోవ్ నగరంలో కలిసిపోయింది. చుట్టూ చదునైన గడ్డి నేలలు. 1897లో మాస్కో చిత్రకళా పాఠశాలలో చేరి సెరోవ్, కొరోవిన్ అనే రష్యా చిత్రకారుల దగ్గర నేర్చుకున్నాడు. అర్మేనియాలో మొదటిసారి కాలు పెట్టింది 1901లో, అంటే 21వ ఏట. ఇంట్లో మాట్లాడే భాష ఆ దేశానిదే, కంటికి మాత్రం ఆ దేశం కొత్త. మీరు పుట్టినప్పటి నుంచి చూస్తున్న చేను కదా, అందుకే మీరు చూడకుండా వేసేస్తున్నారని నా అనుమానం. కొబ్బరాకు పచ్చగా ఉంటుందని మీకు తెలుసు. తెలిసింది వేస్తున్నారు. కోపం తెచ్చుకోకండి, ముప్పై మూడేళ్లు పిల్లలకి చెప్పిన మాటే చెప్తున్నాను.

ఆయన కూడా మొదట్లోనే అలా వేయలేదు. 1903 నుంచి కొన్నేళ్లు కథలు, కలలు అంటూ నీటిరంగుల్లో మసక మసకగా వేసేవాడు. తర్వాత ప్రయాణాలు. 1910లో ఇస్తాంబుల్, 1911లో ఈజిప్టు, 1913లో పర్షియా. ఆ ఎండలు తగిలాక మసకంతా పోయింది. మీరు చెప్పిన రెండు బొమ్మలూ అప్పటివే, రెండూ మాస్కోలో త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉన్నాయి.

నీలం నీడ సరదా కాదు. నీడ పడినచోటికి సూర్యుడి ఎండ రాదు, కానీ ఆకాశం వెలుగు వస్తుంది. ఆకాశం నీలం కాబట్టి నీడలోకి నీలం దిగుతుంది. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, మిట్ట మధ్యాహ్నం తెల్లగోడ మీద నీడని మాత్రమే అందులోంచి చూడండి. బూడిద రంగనుకున్నది కాదని తెలుస్తుంది. ఇంకో సంగతి కంటిలో ఉంది. నారింజ రంగు పక్కన వట్టి బూడిద పెట్టినా అది నీలంగా కొడుతుంది. ఆయన ఈ రెంటినీ కలిపి, ఉన్నదాన్ని నాలుగింతలు చేసి చెప్పాడు. అబద్ధం కాదు, అతిశయోక్తి.

మన దగ్గర నప్పుతుందా అంటే, ఉన్నదున్నట్టు ఎత్తుకొస్తే నప్పదు. యెరెవాన్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. పొడి గాలి, చెట్లు తక్కువ, రాయీ మట్టీ ఎక్కువ. ఎక్కడో ఉన్న కొండ కూడా అంచు చెదరకుండా కనిపిస్తుంది. మనది సముద్రం కంటే నాలుగు మెట్లు పైన ఉన్న నేల. గాలి నిండా తేమ. మన ఆకాశం చాలా రోజులు నీలంగా ఉండదు, కడుగు నీళ్లలా తెల్లగా ఉంటుంది. తెల్ల ఆకాశం కింద నీడకి నీలం ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా చేలో నీళ్లు కింద నుంచి వెలుగు కొడతాయి. కొబ్బరి తోటలో తెల్లచొక్కా వేసుకుని నిలబడితే గడ్డం కింద పచ్చ కనిపిస్తుంది, ఎవరినైనా నిలబెట్టి చూడండి.

కాబట్టి రంగు వదిలేసి పద్ధతి తీసుకోండి. నల్లరంగు డబ్బా అటకెక్కించండి. పచ్చ ట్యూబు కూడా. నీలం, పసుపు మీరే కలుపుకుంటే ఏ రెండు పచ్చలూ ఒకేలా రావు, తోటకూర బాధ సగం అక్కడే తీరుతుంది. నీడ పచ్చలో నలుపుకి బదులు ఎరుపు చుక్క వేయండి. దూరంగా ఉన్న కొబ్బరి వరసని అసలు పచ్చగా వేయకండి. తేమలో అది బూడిద నీలమైపోతుంది. ఒట్టు, వెళ్లి చూడండి.

ఆ కాలంలో ఆయన వాడింది టెంపెరా. రంగుపొడిని నూనెతో కాకుండా గుడ్డుసొన లాంటి బంకతో, నీళ్లతో కలుపుతారు. ఇట్టే ఆరిపోతుంది, మెరవదు, మెల్లగా షేడింగు దించే తీరిక ఇవ్వదు. ఆ కత్తి అంచులకి అదీ ఒక కారణమే. ఇంట్లో చేసుకోవాలంటే పచ్చసొన, అంతే నీళ్లు, రంగుపొడి. అట్టకి ముందు సుద్ద, జిగురు కలిపి పూత వేసుకోండి.

ఇక జీవితం. 1915లో తుర్కీ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన అర్మేనియన్లకి, అర్మేనియాలోని ఎచ్మియాద్జిన్ అనే ఊళ్లో ఉండి సాయం చేశాడు. 1921లో భార్యాబిడ్డలతో యెరెవాన్‌లో స్థిరపడ్డాడు. 1923లో 'అర్మేనియా' అని పెద్ద బొమ్మ వేశాడు. ఒక్కచోట కూర్చుని చూసి వేసింది కాదు. మిద్దె మీద ఆడేవాళ్లు, లోయ, వెనక కొండ, దేశంలో తనకి నచ్చినవన్నీ ఒకేచోటికి తెచ్చి పెట్టుకున్నాడు. 1926 నుంచి రెండేళ్లు పారిస్‌లో ఉన్నాడు. 1928 జనవరిలో అక్కడ ప్రదర్శన జరిగింది. ఇంటికి పంపించిన బొమ్మలు ఎక్కిన ఓడ ఇస్తాంబుల్ రేవులో కాలిపోయింది. పారిస్‌లో చేసిన పనిలో చాలా భాగం దాంతోపాటే పోయింది. అప్పటికి ఆయన వయసు 48. తర్వాత ఇంకో 44 ఏళ్లు బతికి, బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. 1961లో లెనిన్ బహుమతి వచ్చింది.


యెరెవాన్ నుంచి:

నాన్నా, ఇది నువ్వేనా? తోటకూర పప్పు దగ్గరే పట్టేశాను!

మాస్టారూ, నమస్తే అండి. నీడ సంగతి మీరు చెప్పింది కరెక్ట్. ఇక్కడ మంచు పడ్డాక ఎండ కాసిన రోజు చూశాను, తెల్లటి మంచు మీద చెట్టు నీడ నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది. ఫొటో తీస్తే ఫోన్ దాన్ని బూడిద చేసేసింది.

సర్యాన్ ఇల్లే ఇక్కడ మ్యూజియం. ఆయన బతికుండగానే, 1967లో తెరిచారు. ఆ వీధికి కూడా ఆయన పేరే. నాకు బొమ్మల గురించి ఏమీ తెలీదు గానీ నాన్న కోసం వెళ్లాను. ఫోన్లో మెరిసినట్టు అక్కడ మెరవవు. పాతవైతే సున్నం గోడ మీద వేసినట్టే ఉన్నాయి, పక్కకి జరిగి చూసినా తళుక్కుమనవు. కుంచె ఎటు నుంచి ఎటు వెళ్లిందో తెలిసిపోతుంది. నాన్నా, నువ్వు గోడ మీద పెద్ద అక్షరం లాగేటప్పుడు ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగేవాడివి కదా, అలాంటివి.

అరారత్ కొండ గురించి ఎవరూ చెప్పలేదు. 5,137 మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే ఊళ్లోంచి కనపడుతుంది, పెద్దదొకటి, పక్కన చిన్నదొకటి. వీళ్లకి అదే ప్రాణం, ప్రతి షాపులో దాని బొమ్మే. కానీ అది తుర్కీలో ఉంది, బోర్డరు మూసేసి ఉంటుంది. సర్యాన్ దాన్ని మళ్లీ మళ్లీ వేశాడు. వెళ్లి తాకలేని కొండని అన్నిసార్లు వేయడం నాకు వింతగా అనిపించింది. మా రూమ్మేట్‌కయితే ఎగ్జామ్ రోజు కొండ కనపడకపోతే టెన్షన్.

ఆపెరా దగ్గర పార్కులో ఆయన విగ్రహం ఉంది. శని, ఆదివారాలు దాని చుట్టూ ఆర్టిస్టులు బొమ్మలు పెట్టుకుని అమ్ముతారు. నువ్వొస్తే నీకూ కాస్త చోటు దొరుకుతుంది.

అన్నట్టు నాన్నా, తుఫాను తర్వాత పొద్దున సంగతి ఇక్కడ రాయలేదేం? అది రాయి.


బోర్డు ఆర్టిస్టు:

ఇక్కడ రాత్రి ఒంటిగంటకి రాసింది. వాళ్లకి పదకొండున్నరట. పడుకోమ్మా. విగ్రహం చుట్టూ కూర్చోవడానికి టికెట్టు నువ్వు డాక్టరయ్యాక కొందువుగాని.

మాస్టారూ, మీ ఉత్తరం ప్రింటు తీయించి పెట్టుకున్నాను. కోపం ఏమీ లేదు. అమ్మాయి అడిగింది కాబట్టి ఆ సంగతి చెప్తాను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. నాకు అప్పుడు 29. అంతవరకూ వేసిన బొమ్మలన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. పెంకులు లేచిపోయి వానంతా ఇంట్లోకే. పొద్దున పెట్టె తెరిస్తే కాగితాలు ఇడ్లీపిండిలా ముద్దయి ఉన్నాయి. రంగులన్నీ కలిసి ఒకటే రంగు. దానికి పేరు లేదు. ఓడ కాలిపోయిన సంగతి చదివితే ముందు ఆ పెట్టె గుర్తొచ్చింది. ఆయనతో పోల్చుకుంటున్నానని నవ్వకండి.

బయటికొచ్చి చూస్తే అది మా ఊరులా లేదు. కొబ్బరిచెట్లు కొన్ని పడిపోయాయి, కొన్ని తలలు విరిగి మొండి స్తంభాల్లా ఉన్నాయి. పక్క ఊరి గుడి గోపురం మా వీధి మొగలో నిలబడితే కనపడింది. పుట్టి 29 ఏళ్లయినా అది అంత దగ్గరని నాకు తెలీదు. ఎప్పుడూ ఏదో ఒక చెట్టు అడ్డం ఉండేది. కాలవ ఎటు వంపు తిరిగిందో, నేల ఎటు వాలుగా ఉందో మొదటిసారి చూశాను. ఎటు చూసినా మట్టి, బూడిద, గోధుమ రంగు. మధ్యలో నీళ్లు నిలిచినచోట ఆకాశం. చుట్టూ జనం ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను, పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. అంతమంది పోయిన పొద్దున అలా చూడటం తప్పనిపించి ఎవరికీ చెప్పలేదు, అమ్మాయికి తప్ప. సర్యాన్ తన దేశాన్ని 21 ఏళ్లకి కొత్తగా చూశాడని మీరు రాసిన చోట నేను ఆగిపోయాను.

సరే, మీరు చెప్పినట్టు చేశాను. నలుపు, పచ్చ రెండూ అటక మీద పెట్టి, గుడ్డుసొన కలుపుకుని, పదకొండు గంటల ఎండలో దాళ్వా చేను పక్కన కూర్చున్నాను. దూరపు కొబ్బరి వరసని బూడిద నీలం చేశాను. వేసేటప్పుడు చెయ్యి ఒప్పుకోలేదు గానీ, వేశాక చేను ఒక్కసారిగా అరమైలు వెనక్కి వెళ్లింది. పచ్చలు నాలుగు రకాలు వచ్చాయి. కానీ మీ మాట కాదని ఒక్కచోట మొండికేశాను. గట్టు మీద అడ్డంగా పడ్డ కొబ్బరి నీడని సర్యాన్ లాగా పచ్చి నీలం వేసేశాను. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను.

ఆ చేను కౌలుదారు సైకిలు దిగి నా వెనకాల నిలబడి చూశాడు. చూసి, "ఏమండీ, గట్టుకి గండి పడిందా? నీళ్లు ఇటెక్కడ మళ్లాయి?" అని గాభరాగా బోదె వైపు నడిచాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను గానీ తర్వాత ఆలోచిస్తే అతనిదే రైటు. వాళ్ల రాతినేల మీద నీలం పడితే నీడ. మన దగ్గర నేల మీద నీలం కనపడితే అది నీళ్లే, ఇంకో అర్థం లేదు. ఇంటికొచ్చి ఆ నీలం మీద కొంచెం కావిరంగు లాగాను. వంకాయ రంగుకి తిరిగింది. ఇప్పుడు నీడలాగే ఉంది. కౌలుదారుకి ఇంకా చూపించలేదు.

వశిష్ఠ ఒడ్డు తమ్ముడికి: వచ్చే నెల రాజమండ్రి వెళ్తున్నాను. ఈసారి రామారావు గారు నీడలు ఏ రంగులో వేశారో చూసొచ్చి ఇక్కడే రాస్తాను.

మాస్టారూ, ఒక్క చిక్కొచ్చింది. బొమ్మ ఆరాక రాత్రి బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ఆకాశం నిండా చీమలు. గుడ్డు వాసనకే అనుకుంటాను. సొనలో లవంగ నూనె చుక్క వేస్తే రావని మా ఆవిడ అంటోంది. రంగు చెడకుండా ఎంత వేయొచ్చు?